నాకు కోపం వచ్చింది, నేను కోప్పడ్డాను

ఈ పోస్ట్ రాద్దామని రెండు నెలల్నుంచి అనుకుంటున్నా. ఫోన్ నోట్స్‌లో నాలుగు ముక్కలు రాసుకోవడం, మర్నాడు చదువుకుంటే సిగ్గేసి తీసెయ్యడం, ఇదే సరిపోతోంది. ఆత్మ గురించి రాయాలంటే కొంచెం జంకే మరి, ఎందుకంటే దీని మీద మాట్లాడలేని మనిషంటూ ఉండడు, ఎవర్ని కదిపినా "నువ్వు దేహానివి కాదు" అని మొదలెట్టేస్తారు. నేనూ ఆ బాపతే. పదకొండేళ్ళుగా ధ్యానానికి కూర్చుంటున్నా, పొద్దున్నే ఓ గంట, కుదిరితే సాయంత్రం ఇంకో అరగంట, ఉపనిషత్తుల క్లాసులు ఆన్‌లైన్లో విన్నా, నోట్స్ రాసుకున్నా, ఎవరైనా ఏడుస్తూ ఫోన్ చేస్తే "దాన్ని సాక్షిగా చూడు" అని ఉచిత సలహాలు కూడా పడేశా. ఆ సలహాలు తీసుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే ముందుగా ఒక సారీ.

మా అమ్మకి డిమెన్షియా. మూడేళ్ళ కింద మొదలైంది. ఇప్పుడు నా పేరు గుర్తుండదు, నేను కూతుర్నన్న సంగతి ఒకరోజు ఉంటుంది ఒకరోజు ఉండదు. పొద్దున్న లేవగానే నన్ను చూసి ఎంతో మర్యాదగా "ఎవరమ్మా నువ్వు?" అంటుంది. అంతకు అరగంట ముందే నేను పక్క గదిలో కళ్ళు మూసుకుని "నేనెవరు" అని విచారణ చేసుకుని లేచొచ్చి ఉంటాను. నవ్వొచ్చే సంగతే. మొదట్లో మాత్రం నవ్వు రాలేదు లెండి.

దాని దగ్గరికి మళ్ళీ వస్తా. ముందు నేను చేసే సాధనేంటో చెప్పాలి. వేదాంతంలో దృక్-దృశ్య వివేకం అంటారు, పేరు పెద్దదే గానీ చెప్పేది ఒక్క ముక్క. చూసేది వేరు, కనబడేది వేరు. కిటికీ కనబడుతోంది కాబట్టి నేను కిటికీని కాదు, ఇందులో ఎవరికీ పేచీ లేదు. మోకాలి నొప్పి తెలుస్తోంది, కాబట్టి తెలుసుకునేది ఆ నొప్పి కాదు. ఒక ఆలోచన వచ్చింది, పోయింది, రావడమూ తెలిసింది పోవడమూ తెలిసింది, కాబట్టి తెలుసుకునేది ఆలోచనా కాదు. ఇలా ఒక్కోటీ పక్కకి పెట్టుకుంటూ పోతే, పక్కకి పెట్టడానికి ఇక వీల్లేనిది ఏది మిగుల్తుందో అదే నువ్వు, ఆ చూసేదే సాక్షి అంటారు. తైత్తిరీయ ఉపనిషత్తులో దీన్నే అన్నమయం నుంచి ఆనందమయం దాకా అయిదు కోశాల లెక్కలో, అంటే ఒంటి దగ్గర్నుంచి లోపలికి ఒక్కో పొరగా, చెప్తారు. మాండూక్య ఉపనిషత్తు మొత్తం పన్నెండు మంత్రాలే, అందులో మెలకువ, కల, గాఢనిద్ర మూడూ వరసగా చెప్పేసి, నాలుగోదాని దగ్గరికి, అంటే ఏడో మంత్రానికి వచ్చేసరికి లోపలి ఎరుక కాదు, బయటి ఎరుక కాదు, రెండూ కలిసిందీ కాదు అని అన్నీ "కాదు"లే. చీకట్లో తాడుని చూసి పామనుకునే కథ ఇక్కడ చెప్పను, అందరం వినేశాం, ఆ తాడు పాపం ఈపాటికి పీచు కూడా మిగల్లేదేమో.

నాకు ఇదంతా పుస్తకాల్లో కన్నా తెలుగులో బాగా దొరికింది. మనం "నాకు కోపం వచ్చింది" అంటాం కదా. భయం వేసింది, దిగులు పట్టుకుంది, ఏడుపొచ్చింది, నిద్ర పట్టింది. వీటిల్లో ఎక్కడా "నేను" ఏ పనీ చెయ్యట్లేదు, గమనించారా. కోపం ఎక్కణ్ణుంచో వచ్చింది, నాకు వచ్చింది, కాసేపుండి అదే పోతుంది, నేను ఇంట్లో ఉన్నదాన్ని, అది వచ్చిపోయే చుట్టం. మన వ్యాకరణమే సగం వేదాంతం నేర్పేస్తోంది కదా అని అప్పట్లో తెగ మురిసిపోయా, ఈ ముక్క కనీసం పదిమందికి చెప్పుంటా.

కానీ అదే తెలుగులో ఇంకో మాట కూడా ఉంది. "నేను కోప్పడ్డాను." ఇదో, ఈ మాట వాడటం నేను ఎప్పుడు మానేశానో నాకే తెలీదు.

సాధన వల్ల లాభం లేదని కాదు నేననేది, చాలా ఉంది. ఇదివరకు ఎవరైనా ఒక మాటంటే మూడ్రోజులు అదే నమిలేదాన్ని, ఇప్పుడు మధ్యాహ్నానికి వదిలేస్తుంది. ఆలోచనకీ నాకూ మధ్య కొంచెం జాగా దొరికింది. ఆ జాగా నిజమైనదే, ఊహ కాదు. కాకపోతే జాగా దొరికిందని నేను అందులో దూరి తలుపేసుకున్నా.

జరిగింది ఏంటంటే, అమ్మ రాత్రుళ్ళు రెండింటికీ మూడింటికీ లేచి తలుపు గడియ లాగుతూ "మా ఇంటికి పోతాను" అంటుంది. ఉన్నది తన ఇంట్లోనే. మొదటి రాత్రి బుజ్జగించా, రెండో రాత్రి బుజ్జగించా, అలా వారం పైన అయ్యాక ఒకరోజు నిద్రమత్తులో చెయ్యి పట్టుకుని విదిలించి గట్టిగా అరిచేశా, ఏమన్నానో ఇక్కడ రాయను, ఆవిడ గోడకి ఆనుకుని చిన్నపిల్లలా ముడుచుకుని కూర్చుండిపోయింది, ఎవరో పరాయి మనిషి అరుస్తోంది అన్నట్టు నన్ను చూసింది, నిజానికి ఆవిడ లెక్కలో అంతే కదా. పొద్దున్న ధ్యానంలో అది మొత్తం మళ్ళీ వచ్చింది. నేనేం చేశాను? "కోపం వచ్చింది, తెలిసింది, పోయింది, ఇప్పుడు అపరాధభావం వచ్చింది, ఇదీ తెలుస్తోంది, ఇదీ పోతుంది, నేను వీటికి సాక్షిని" అనుకున్నా. పావుగంట పట్టింది. చాలా ప్రశాంతంగా లేచా. ఇప్పుడు తల్చుకుంటే ఆ అరుపు కన్నా ఆ ప్రశాంతతకే నాకు ఎక్కువ భయం వేస్తోంది.

ఆ నెలలోనే తమ్ముడు ఫోన్ చేస్తే అమ్మ సంగతులన్నీ చెప్పా, డాక్టర్ రిపోర్ట్ చదివినట్టు చెప్పానట. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నువ్వు అమ్మని చూసుకుంటున్నావా, చూస్తున్నావా?" అన్నాడు.

వాడి మీద వచ్చిన కోపాన్ని మాత్రం సాక్షిగా చూడటం నా వల్ల కాలేదు. రెండ్రోజులు మాట్లాడలేదు వాడితో.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. సాక్షి అనేది కోర్టు మాట కూడా కదా. నేను ఇన్నాళ్ళూ సాక్షి బోనులో నించుని సాక్ష్యం చెప్తున్నాననుకున్నా, కోపం వచ్చిందండీ నేను చూశానండీ అని. నేను నించోవాల్సింది ముద్దాయి బోనులో. అరిచింది ఎవరు? ఆ గొంతు, ఆ చెయ్యి, ఆ విసుగు అన్నీ కలిపి ఒక మనిషి ఉంది, ఆ మనిషికి పేరుంది, ఆధార్ ఉంది, ఆ మనిషి వెళ్ళి అమ్మ పక్కన కూర్చోవాలి. ఆ పని ఆత్మ చెయ్యదు. ఆత్మ ఏ పనీ చెయ్యదని అందరూ మొత్తుకుంటూనే ఉన్నారు కదా. మరి ఏ పనీ చెయ్యనిది "నేను సాక్షిని" అని ఎలా అంటుంది, అనడం కూడా పనే కదా! అన్నది మనసు. మనసుకి ఎప్పుడూ ఏదో ఒక వేషం కావాలి, బాధపడే వేషం ఇబ్బందిగా ఉందని సాక్షి వేషం వేసుకుంది. వేదాంతులకి ఈ మోసం ఎప్పుడో తెలుసు, చిదాభాసుడు అని దీనికో పేరే ఉంది, అద్దంలో పడ్డ సూర్యుడన్నమాట, అది గోడ మీద వెలుగు పడేస్తుంది కాబట్టి తనే సూర్యుణ్ణి అనుకుంటుంది. క్లాసులో ఈ పాయింట్ నేను రెండు రంగుల పెన్నులతో రాసుకున్నా. నోట్స్‌లో బాగానే ఉంది.

ఇక్కడొక తేడా ఉంది, నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు గానీ చెప్పడానికి ట్రై చేస్తా. నిజంగా సాక్షి అనేది ఒకటుంటే దానికి నా వైపు పక్షపాతం ఉండకూడదు. నా అరుపు ఏ ఎరుకలో తెలిసిందో అమ్మ ముడుచుకోవడమూ అదే ఎరుకలో తెలిసింది, అందులో ఒకటి దగ్గర ఒకటి దూరం అని లేదు. నా సాక్షి మాత్రం పనిగట్టుకుని నా అపరాధభావాన్ని చల్లార్చి వెళ్ళిపోయింది, ఆవిడ భయం వైపు చూడనే లేదు. అంటే అది నేను పెట్టుకున్న లాయరు.

సరే, మరి అసలు "నేను" ఏది? దీని మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఛాందోగ్య ఉపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలోది. ఆత్మంటే ఏంటో తెలుసుకుందామని ప్రజాపతి దగ్గరికి దేవతల రాజు ఇంద్రుడూ రాక్షసుల రాజు విరోచనుడూ వెళ్తారు, ముప్పై రెండేళ్ళు ఉంటారు, అప్పుడు ఆయన కంట్లో కనబడేది, నీళ్ళలో కనబడేది, అదే ఆత్మ అన్నట్టు చెప్తాడు. విరోచనుడు ఆహా దేహమేనన్నమాట అని హ్యాపీగా వెళ్ళిపోయి అందరికీ అదే చెప్పేస్తాడు. ఇంద్రుడు సగం దారిలో ఆగుతాడు. దేహం గుడ్డిదైతే ఆత్మ గుడ్డిదవుతుందా, ఇదేదో తేడాగా ఉందే అని వెనక్కి వస్తాడు. మళ్ళీ ముప్పై రెండేళ్ళు. కలలో తిరిగేవాడే ఆత్మ అంటాడు ప్రజాపతి. మళ్ళీ సగం దారి, మళ్ళీ డౌటు, కలలోనూ ఏడుస్తాం కదా అని. ఇంకో ముప్పై రెండేళ్ళు. కలలు కూడా లేని గాఢనిద్ర, అదే ఆత్మ అంటాడు. దానిక్కూడా ఇంద్రుడు వెనక్కి వస్తాడు చూడండి, అక్కడ అతను అడిగింది నాకు గుచ్చుకుంది. ఆ నిద్రలో "ఇది నేను" అని తనకే తెలియడం లేదు, ఎదురుగా ఉన్నవేవీ తెలియడం లేదు, దాదాపు నాశనమైపోయినట్టే ఉన్నాడు, ఇందులో నాకేం మేలు కనబడటం లేదు అంటాడు. ఇంకో అయిదేళ్ళు ఉండమంటాడు ప్రజాపతి. మొత్తం నూటొక్క ఏళ్ళు.

మూడుసార్లు వెనక్కి వచ్చాడు. నేను పదకొండేళ్ళలో ఒక్కసారి వెనక్కి రాలేదు, క్లాసులో ఏది చెప్తే అది బ్యాగులో వేసుకుని విరోచనుడిలా ఇంటికి వచ్చేశా.

గాఢనిద్ర వాదన మామూలుగా చెప్పేది ఇంకోలా ఉంటుంది. లేచాక "హాయిగా పడుకున్నా, ఏమీ తెలీలేదు" అంటాం, ఏమీ తెలీలేదన్న సంగతి ఎవరికి తెలిసింది, తెలిసేది ఏదో అప్పుడూ ఉండబట్టే కదా ఇప్పుడు చెప్పగలుగుతున్నాం అని. ఉన్నది ఎరుక ఒక్కటే అనే అద్వైతులకి ఇది బ్రహ్మాస్త్రం. నాకు సగమే నచ్చుతుంది. లేచాక ఒళ్ళు తేలిగ్గా ఉండటం చూసి, గడియారం చూసి, హాయిగా పడుకునుంటాను అని లెక్క కట్టుకోవచ్చు కదా, అది జ్ఞాపకమే అయ్యుండాలని ఏముంది? ఈ పేచీ కొత్తది కాదు, శతాబ్దాల నుంచి నడుస్తోంది. రామానుజులవారైతే బ్రహ్మసూత్రాలకి తను రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో మొదటి సూత్రం దగ్గరే అద్వైతుల్ని పట్టుకుని, ఎరుక అనేది ఎప్పుడూ ఒకరికి ఉండేదే, ఎవరిదీ కాని ఒట్టి ఎరుక ఏంటి, "నేను" అనేదే ఆత్మ స్వరూపం, అది నిద్రలో మసకబారుతుంది గానీ పోదు అంటారు. ఇంకా ఒక మాటంటారు, మోక్షంలో "నేను" అనేది నాశనమైపోతుందని తెలిస్తే మోక్షం అనే మాట వినబడగానే మనిషి లేచి అవతలికి పోతాడు అని. అంత పెద్ద తర్కం మధ్యలో ఈ మాట చదివి గట్టిగా నవ్వా, ఎందుకంటే నేనూ లేచిపోయేదాన్నే.

బౌద్ధులది పూర్తిగా వేరే దారి. ఈ దేహం నీదే అయితే "ఇలా ఉండు, అలా ఉండకు" అంటే వినాలిగా, వినట్లేదు, మనసూ అంతే, కాబట్టి వీటిల్లో ఏదీ నువ్వు కాదు, నీది కాదు అంటాడు బుద్ధుడు, ఇంతవరకూ "ఇది కాదు, ఇది కాదు" అనే మన నేతి నేతి లాగే ఉంటుంది. కానీ ఆఖర్న మిగిలేది ఒకటుంది అని మాత్రం అనడు. వచ్ఛగోత్తుడు అనే దేశదిమ్మరి సన్యాసి వచ్చి ఆత్మ ఉందా అంటే మాట్లాడలేదు, పోనీ లేదా అన్నా మాట్లాడలేదు, అతను లేచి వెళ్ళిపోయాడు. తర్వాత శిష్యుడు ఆనందుడు అడిగితే, లేదంటే పాపం అతను ఇదివరకు నాకు ఆత్మ ఉండేది ఇప్పుడు లేకుండా పోయిందని ఇంకా కంగారు పడేవాడు అన్నాడు. మన తెలుగు అచల సంప్రదాయం వాళ్ళదీ ఒక రకంగా ఈ తెగువే, ఎరుక కూడా నిజం కాదు, ఉన్నది బట్టబయలే, అంటే ఒట్టి బయలే అంటారు. వీటిల్లో ఏది రైటో తేల్చే స్థోమత నాకు లేదు, తేల్చాలని ఇదివరకు ఉన్నంత తొందరా లేదు. ఒకటి మాత్రం చూశా, ఎవరూ కూడా "కాబట్టి నువ్వు అరిచినదానికి నీకు సంబంధం లేదు" అని మాత్రం చెప్పలేదు. ఆ ముక్క నేనే కలుపుకున్నా.

రమణ మహర్షి కథ అందరికీ తెలిసిందే, 1896 జూలైలో మధురైలో పదహారేళ్ళప్పుడు ఒక్కసారిగా చావు భయం పట్టుకుంటే శవంలా పడుకుని, ఇప్పుడీ దేహం పోయింది, మరి నేను పోయానా అని చూసుకున్నారు, ఆ సెప్టెంబర్ ఒకటిన అరుణాచలం చేరారు, 1950లో పోయేదాకా మళ్ళీ కదల్లేదు. నేనూ ఎప్పుడూ ఆ మధురై సీన్ దగ్గరే ఆగేదాన్ని, అదే హైలైట్ అనుకుని. అమ్మకి జబ్బు చేశాక మిగతాది చదివా. 1898 చివర్లో వాళ్ళమ్మ అళగమ్మ వెతుక్కుంటూ వచ్చి రోజుల తరబడి ఏడ్చి ఇంటికి రమ్మంటే ఆయన పలకను కూడా పలకలేదు, ఆఖరికి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చారంతే. ఇదే నాకు నచ్చేది అప్పట్లో, చూశారా ఎంత వైరాగ్యమో అని. కానీ అదే మనిషి, 1914లో అదే తల్లి చూడటానికి వచ్చి జ్వరంతో మంచాన పడితే దగ్గరుండి చూసుకున్నారు, ఆవిణ్ణి బాగుచెయ్యమని అరుణాచలుడి మీద పద్యాలు కట్టి వేడుకున్నారు. 1916లో ఆవిడ ఆయన దగ్గరే ఉండిపోవడానికి వచ్చేసింది. 1922 మే 19న ఆవిడ పోయిన రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక చెయ్యి ఆవిడ గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టుకుని పక్కనే కూర్చున్నారు. సాక్షిగా దూరంగా కూర్చోలేదు. చెయ్యి వేసి కూర్చున్నారు.

నేను దేహం కాదు అని తెలిసినాయన చెయ్యి అది. దాని గురించి నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నా.

ఇక అమ్మ. ఒకావిడ చూడటానికొచ్చి "మీ అమ్మగారికి ఇప్పుడు ఏ బంధాలూ లేవు, జ్ఞానిలా ఉన్నారు" అంది. మంచి ఉద్దేశంతోనే అంది, నాకు మాత్రం ఒళ్ళు మండింది (ఒళ్ళే మండింది, నేను కాదు అనను, నాకే మండింది). మర్చిపోవడం జ్ఞానం కాదు. జ్ఞానికి భయం ఉండదంటారు, మా అమ్మకి చీకటి పడితే చాలు ప్రతీదీ భయమే. డిమెన్షియాకి ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్‌లో ముందు దెబ్బతినేది మెదడులో హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల, కొత్త జ్ఞాపకం కట్టుకునే చోటు, అందుకే ఇవాళ్టివి నిలవవు, చిన్నప్పటివి ఇంకా చాలాకాలం ఉంటాయి. అది జబ్బు. దానికి కాషాయం కట్టొద్దు.

అయినా ఒకటి చూస్తున్నా రోజూ. మనం "నేను" అనుకునేదాంట్లో ముప్పాతిక భాగం కథే కదా, నా పేరు, నా చదువు, ఫలానావాడు నన్ను ఫలానా మాటన్నాడు. పని లేకుండా కూర్చున్నా మెదడు ఊరుకోదట, అప్పుడు తనదైన ఒక పనిలో ఉంటుంది, దానికి 2001లో మార్కస్ రైకిల్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం డీఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది, ఖాళీగా ఉన్నప్పుడు మన గురించి మనం అల్లుకునే కథలకీ దానికీ గట్టి సంబంధమే ఉందంటారు. ధ్యానంలో ఆ కథ నాకు రెండు నిమిషాలు ఆగితే పండగ. అమ్మకి ఆ కథ పేజీలు పేజీలుగా ఊడిపోతోంది, పెళ్ళి పోయింది, ఉద్యోగం పోయింది, మేం ఇద్దరం పోయాం, అద్దంలో మనిషిని చూసి ఎవరో వచ్చారని చీర సర్దుకుంటుంది. అన్నీ పోయినా "నాకు చలేస్తోంది" అనడంలో ఆ "నాకు" మాత్రం ఎక్కడా తడబడదు. ఎవరికి చలేస్తోందో ఆవిడకి డౌటే లేదు. ఇది ఆత్మకి ప్రూఫ్ అని నేననను, ఇంద్రుడుంటే దీనిక్కూడా సగం దారి నుంచి వెనక్కొచ్చేవాడు. కానీ నా పేరడిగితే చెప్పలేని మనిషి "నేను" అనే మాటని నాకన్నా సూటిగా వాడుతోంది, అంతవరకు చూశా.

ఇదివరకు ఆవిడ ఎవరమ్మా నువ్వు అంటే ఏం చెప్పాలన్నది పెద్ద ప్రాబ్లం అయ్యేది. పేరు చెప్తే ఆ పేరు ఎవరిదో తెలీదు. "నీ కూతుర్ని" అంటే నాకు కూతురుందా, నేను మర్చిపోయానా అని గిలగిల్లాడిపోతుంది. కూతుర్ని కాదు నర్సుని అని ఒకరోజు అబద్ధం చెప్పి చూశా, ఆ రోజంతా నేను బాలేను. మొన్న బృహదారణ్యక ఉపనిషత్తు తిరగేస్తుంటే ఒకటో అధ్యాయం నాలుగో భాగం మొదట్లోనే ఒక చిన్న విషయం కనబడింది, క్లాసులో దీని మీద ఎవరూ ఆగినట్టు లేదు. మొదట్లో ఆత్మ ఒక్కటే ఉంది, చుట్టూ చూస్తే తను తప్ప ఇంకేం లేదు, అప్పుడు అది మొట్టమొదట అన్న మాట "నేను". అందుకే ఇప్పటికీ ఎవర్నైనా పిలిస్తే ముందు "ఇదో, నేను" అని, ఆ తర్వాతే తన రెండో పేరు చెప్తారు అంటుంది. నిజమే కదా, తలుపు కొడితే లోపల్నుంచి ఎవరూ అంటే మనం పేరు చెప్పం, "నేనే" అంటాం. లోపలివాళ్ళకి అది సరిపోతుంది.

ఆ రాత్రి సంగతి అమ్మకి చెప్పా కూడా. "ఆ రోజు నేను నీ మీద కోప్పడ్డానమ్మా" అన్నా. ఏ రోజు, ఎవరు అన్నట్టు చూసింది, ఆవిడకి అది ఎప్పుడో పోయింది, క్షమించడానికి కూడా ఆవిడ దగ్గర ఏం లేదు. అయినా చెప్పా. నాకు వచ్చింది అనలేదు, కోప్పడ్డాను అన్నా, తమ్ముడికీ అదే చెప్పా. ధ్యానం మానలేదు. అమ్మ లేచిన చప్పుడైతే మధ్యలో లేచిపోతున్నా, అంతే తేడా.

ఇవాళ పొద్దున్న కూడా అడిగింది, ఎవరమ్మా నువ్వు అని.

"నేనేనమ్మా" అన్నా.

కాసేపు ఎగాదిగా చూసింది. "నువ్వేనా. సరే, ఆ కిటికీ వెయ్యి, చలేస్తోంది" అంది.

వేశాను.